తరాల ప్రయోగానికి తరగని నిధి కావాలి

కోరుకొండ: సార్వాకు ముందు మట్టి పరీక్ష చేయించి, ఎకరాకు ఎన్ని బస్తాల ఎరువు వేయాలో తెలుసుకోవడం కోరుకొండ మెట్ట రైతుకైనా, దిగువన డెల్టా రైతుకైనా నేడు కొత్త విషయం కాదు. 2015లో మొదలైన భూసార కార్డుల పథకం ఈ అలవాటును మరింత పెంచింది. అయితే పరీక్ష జరిపిన నాటికి నేల ఎలా ఉన్నదో మాత్రమే ఆ కార్డు చెబుతుంది. అది ఎందుకు అలా మారిందో చెప్పదు. ఆ కారణం తెలియాలంటే ఒకే మడిలో, ఒకే పద్ధతిలో, దశాబ్దాల తరబడి పంట పండించి చూడవలసిందే.

అటువంటి ప్రయత్నం మనకు దగ్గరలోనే ఉంది. 1925లో ఏర్పడి, 1982లో స్వర్ణ (ఎం.టి.యు. 7029) వరి వంగడాన్ని అందించిన మార్టేరు పరిశోధన స్థానంలో వరి నేలల సారంపై దీర్ఘకాలిక ప్రయోగం 1989లో ప్రారంభమైంది. భారత వ్యవసాయ పరిశోధన మండలి 1970లోనే దేశంలోని పలు కేంద్రాల్లో ఇటువంటి ప్రయోగాలు చేపట్టింది. వీటన్నింటి సారాంశం ఒక్కటే. ఏటా నత్రజని ఒక్కటే వేస్తే దిగుబడి క్రమంగా క్షీణిస్తుంది. భాస్వరం, పొటాష్‌లతో పాటు పశువుల ఎరువు కూడా వేసిన మడి నిలదొక్కుకుంటుంది. రెండు మూడేళ్ల పరిశీలనలో ఈ తేడా స్పష్టంగా కనిపించదు.

ప్రపంచంలో ఈ బాటకు ఆద్యులు ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పరిశోధకులు. అక్కడ 1843లో మొదలైన గోధుమ ప్రయోగం నేటికీ సాగుతోంది. 1856లో ఆరంభమైన పచ్చిక ప్రయోగంలో ఏ ఎరువూ వేయని మడిలో ముప్పైకి పైగా మొక్కల జాతులు నిలవగా, అమ్మోనియం ఎరువుతో ఆమ్లత్వం పెరిగిన మడిలో రెండు మూడు జాతులే మిగిలాయి. సూపర్ ఫాస్ఫేట్ తయారీతో ధనికుడైన జాన్ లాస్ 1889లో లక్ష పౌండ్లతో ఒక ట్రస్టును నెలకొల్పి ఈ ప్రయోగాలకు శాశ్వత ఆధారం కల్పించారు. ఎరువుల వ్యాపారి సొమ్ము కాబట్టి పెత్తనం ట్రస్టు చేతికి పోవడమే మేలైంది. ఇటువంటి క్షేత్ర ప్రయోగాలు మధ్యలో ఆగిపోకుండా చూడటమే పనిగా ఎకలాజికల్ కంటిన్యుటీ ట్రస్ట్ అనే దాతృత్వ సంస్థ కూడా నేడు బ్రిటన్‌లో పనిచేస్తోంది.

మన దేశంలో ఈ భారం దాదాపు పూర్తిగా ప్రభుత్వానిదే. ప్రాజెక్టులకు గడువు ఉంటుంది. శాస్త్రవేత్తలు బదిలీ అవుతారు. ఒక్క ఏడాది మడి తప్పితే అంతవరకు పడిన శ్రమకు విలువ తగ్గుతుంది. 2013 కంపెనీల చట్టం పెద్ద సంస్థల లాభాల్లో 2 శాతాన్ని సామాజిక బాధ్యతకు కేటాయించాలన్నది. పర్యావరణ పరిరక్షణ కూడా ఆ జాబితాలో ఉంది. కానీ 2021 సవరణల ప్రకారం ఆ సొమ్ముతో మూలనిధి ఏర్పాటు చేసే వీలు లేదు. కొనసాగే పనికైనా ఆరంభ సంవత్సరం పోను మూడేళ్లే గడువు. ముప్పై ఏళ్ల ప్రయోగానికి ఈ లెక్క సరిపోదు.

కనుక రైతు సంఘాలు, పూర్వ విద్యార్థులు, విదేశాల్లో స్థిరపడిన జిల్లావాసులు కలసి ట్రస్టుగా ఏర్పడి మూలనిధి సమకూర్చడమే మార్గం. దాని వడ్డీతో మట్టి నమూనాలు, దిగుబడి పట్టికలు భద్రపరచవచ్చు. అంకెలపై దాతకు అధికారం ఉండరాదన్న నియమం తప్పనిసరి. డెల్టా మడితో పాటు కోరుకొండ వంటి మెట్ట మండలంలోనూ ఒక మడి ఉండాలి. ఒక నేలలో తేలిన సత్యం మరో నేలకు అలాగే వర్తించదు.

ఇది మన ప్రాంతానికి తెలియని సంప్రదాయమేమీ కాదు. ద్రాక్షారామ భీమేశ్వరాలయంలో అఖండ దీపం ఆరకుండా వెలగడానికి గొర్రెలను, ఆవులను దానమిచ్చిన సంగతి అక్కడి శాసనాలు చెబుతున్నాయి. దాత ఒక్క రోజు నూనెకు కాదు, ఎప్పటికీ సరిపడే నేతికి ఏర్పాటు చేశాడు. మన మనుమలు సాగుచేయబోయే నేల కోసమూ అటువంటి ముందుచూపే అవసరం.