గరుత్మంతుడు అడిగిన ప్రశ్న

అద్భుత కథలు పిల్లల కాలక్షేపానికే గాని పెద్దలకెందుకని కొందరు కొట్టిపారేస్తుంటారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకొనేవాణ్ణి. తీరా చూస్తే, ఆ కథల్లో మనిషిని కట్టిపడెయ్యటానికి ఇనుపగొలుసులు అట్టే కనిపించవు. ఒక మాటో, ఒక పందెమో, ఒక అప్పో చాలు.

హరిశ్చంద్రుణ్ణే చూడండి. ఆయన్ను ఏ సైన్యమూ కాశీకి ఈడ్చుకుపోలేదు. ఇస్తానన్న సొమ్ము బాకీపడ్డాడు. ఆలుబిడ్డల్ని అమ్మాడు, తానూ అమ్ముడుపోయాడు. ఆ బాకీకోసం వెంటబడిన నక్షత్రకుడి పేరు ఈనాటికీ మన నోళ్ళలో నానుతూనే ఉన్నది.

అంతకన్న నన్ను వేధించే కథ ఆదిపర్వంలోని కద్రూవినతలది. ఉచ్చైశ్శ్రవం తోక తెలుపా, నలుపా అని అక్కచెల్లెళ్ళు పందెం వేసుకొన్నారు. ఓడినావిడ దాసి. కద్రువ తన పాముకొడుకుల్ని ఆ తోకకు చుట్టుకోమన్నది, కాదన్నవాళ్ళను శపించింది. కర్కోటకుడు చుట్టుకొన్నాడు. తెల్లనితోక నల్లనైంది, వినత దాసి అయింది. తర్వాత పుట్టిన గరుత్మంతుడు పాముల్ని వీపున మోశాడు.

మా అమ్మమ్మ ఈ కథ చెబుతుంటే, మా పశువుల్ని కాసే కుర్రాడూ వసారామెట్టుమీద కూర్చుని వినేవాడు. ఒకరాత్రి ఉండబట్టలేక అడిగాడు:

"పందెం ఓడింది తల్లిగదండీ, అమ్మగారూ! కొడుకెందుకు మొయ్యాలండీ?"

"కథ మధ్యలో అడ్డుప్రశ్నలేమిట్రా!" అన్నది అమ్మమ్మ. నేను పకపకా నవ్వాను. వాడు తన తండ్రి మాకు పడ్డ బాకీకింద మా పశువుల్ని కాస్తున్నాడని నాకప్పుడు తెలియదు.

దాస్యం వదలాలంటే ఏమివ్వాలని గరుత్మంతుడు అడిగితే, పాములు అమృతం తెమ్మన్నాయి. ధర చెప్పేది ఎప్పుడూ యజమానే. తీర్చలేని ధరే చెబుతాడు. అతనికి కావలసింది సొమ్ముకాదు, మోసే వీపు. గరుత్మంతుడు తలుచుకొంటే ఆ పాముల్ని మింగెయ్యగలడు. కాని తల్లి ఇచ్చిన మాట ఉన్నది. మోసం చేసినవాళ్ళకు లేని నీతి, మోసపోయినవాళ్ళకు సంకెల అయింది!

1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. పెద్దల అప్పుకింద పిల్లలు చాకిరీ చెయ్యనక్కరలేదని, వెట్టిని కట్టిపెట్టిన బాకీయే చెల్లదని చెప్పింది. అది చదివిననాడు నాకు మెట్టుమీది ఆ కుర్రాడే గుర్తుకొచ్చాడు.

ఈ పాముల్ని నేనెందుకు మొయ్యాలని గరుత్మంతుడూ తల్లిని అడిగాడు. తల్లి ఉన్నదున్నట్టు చెప్పింది. మా ఇంట్లో వాడికి ఎవరూ చెప్పలేదు.