రోగి చేతులు మారే వేళ

తపాలా సంచి చేతులు మారేటప్పుడు సీలు చూడకుండా, సంతకం లేకుండా ఎవరూ తీసుకోరు. డ్యూటీ దిగే స్టేషన్ మాస్టరు ఏ లైనులో ఏ బండి ఉన్నదో డైరీలో వ్రాసి సంతకం చేయనిదే కుర్చీ వదలడు. సంచికీ, బండికీ ఉన్న ఈపాటి రక్షణ ప్రాణాపాయంలో ఉన్న మనిషికి ఉన్నదా?

కొన్నేళ్ళ క్రితం పట్టాల మీద కాలు నలిగిన మన ట్రాక్‌మన్ సోదరుని ఆసుపత్రికి చేర్చినప్పుడు నేను వెంట ఉన్నాను. రక్తం ఆపడానికి తొడకు బిగించిన కట్టును గూర్చి అంబులెన్సు ఉద్యోగి చెప్పబోయాడు. వినే తీరిక అక్కడ ఎవరికీ లేదు. అంబులెన్సు మరో పిలుపుకు వెళ్ళిపోయింది. అరగంట తరువాత డాక్టరు, కట్టు ఎప్పుడు వేశారని అడిగాడు. అటువంటి కట్టు రెండు గంటలు దాటితే నరాలకు, కండరాలకు ముప్పు పెరుగుతుంది. ప్యాసింజరు దాటిన వెంటనే వేశారని తోటి కార్మికుడొకడు గుర్తు చేసుకొన్నందున కాలు దక్కింది. కార్మికుని కాలు ఇటువంటి అదృష్టంపై ఆధారపడవలసిందేనా?

ఇది ఒక వ్యక్తి నిర్లక్ష్యం కాదు, పద్ధతి లేకపోవడం. అనేక దేశాలలో అప్పగింతకు ఒక వరుస ఉన్నది: రోగి వయస్సు, ఘటన సమయం, ఏమి జరిగింది, ఏ గాయాలు, నాడి, రక్తపోటు, శ్వాస, స్పృహల స్థితి, దారిలో చేసిన చికిత్స. తక్షణ ప్రాణరక్షణ అవసరమైతే తప్ప, ఆ ఒక్క నిమిషం అందరూ మౌనంగా వింటారు. విన్నవారు ముఖ్యాంశాలు తిరిగి చెబుతారు. ప్రైవేటు నంబరుతో లైన్ క్లియరు ఖాయం చేసుకొనే మనకు ఇది కొత్త కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించిన తొమ్మిది రోగి భద్రతా పరిష్కారాలలో అప్పగింత సమయపు సమాచార మార్పిడి ఒకటి.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవ ప్రారంభమైనది మొదలు అంబులెన్సు గడపకు వస్తున్నది. ఆసుపత్రి గడప వద్ద మాత్రం గొలుసు తెగరాదు.

కిక్కిరిసిన వార్డులో ఇందుకు సమయమెక్కడిదని నర్సులు అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనది. సిబ్బందిని పెంచకుండా కాగితం మాత్రమే పెంచితే అది ఉద్యోగి మెడకు మరో ఛార్జిషీటు అవుతుంది. కనుక రైల్వే ఆసుపత్రులలోను, మన వైద్య పథకాల జాబితాలోని ఆసుపత్రులలోను ప్రతి షిఫ్టుకు రోగిని స్వీకరించే బాధ్యునిగా ఒకరిని నియమించాలి. ఉభయుల సంతకాలతో ఒక పుట పత్రం ఉండాలి. అప్పగింతకు పట్టిన నిమిషాలను అంబులెన్సు సిబ్బంది ఆలస్యంగా లెక్కించరాదు.

శాఖలు ఈ మూడు కోర్కెలను స్థానిక అధికారులతో జరిగే తదుపరి సమావేశపు ఎజెండాలో చేర్చవలసిందిగా కోరుతున్నాను.