మేడ్చల్ లెక్క: ఐదున్నర నెలల్లో ఆరు లక్షల ఓట్లు ఎటు పోయాయి? కాంగ్రెస్ ఓటు ఎందుకు కదల్లేదు?

2023 నవంబర్ 30. తెలంగాణ అంతా కాంగ్రెస్ గాలి వీస్తుంటే, హైదరాబాద్‌కు ఉత్తరాన ఉన్న మేడ్చల్ మాత్రం కారు గుర్తుకే ఓటేసింది. 2024 మే 13. అదే మేడ్చల్ ఉన్న మల్కాజిగిరి లోక్‌సభ సీటులో కారు మూడో స్థానానికి జారిపోయింది. ఈ రెండు పోలింగ్ తేదీల మధ్య గడువు 165 రోజులు. ఇంత తక్కువ టైమ్‌లో ఇంత పెద్ద మార్పు ఎలా వచ్చింది? మోదీ వేవ్ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే సరిపోదు. అంకెలు చూస్తే వేరే కథ కనిపిస్తుంది.

ముందు మల్కాజిగిరి సంగతి. మేడ్చల్, కుత్బుల్లాపూర్, కూకట్‌పల్లి, ఉప్పల్, మల్కాజిగిరి, ఎల్బీ నగర్, సికింద్రాబాద్ కంటోన్మెంట్.. ఈ ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు కలిస్తే ఆ లోక్‌సభ సీటు. ఓటర్ల సంఖ్యలో దేశంలోనే అతి పెద్దది. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో ఏడుకు ఏడూ బీఆర్ఎస్ గెలిచింది. ఆ ఏడుగురికీ పడిన ఓట్లు కలిపితే తొమ్మిది లక్షలు దాటతాయి. లోక్‌సభ ఎన్నికల్లో ఆ పార్టీ అభ్యర్థి రాగిడి లక్ష్మారెడ్డికి వచ్చినవి 3,00,486. అంటే ఆరు లక్షలకు పైగా ఓట్లు చేయి జారాయి!

అసలు ట్విస్ట్ ఇక్కడే

మరి ఆ ఓట్లు అధికారంలోకి వచ్చిన కాంగ్రెస్‌కు వెళ్లాలి కదా? వెళ్లలేదు. 2019లో ఇదే సీటులో రేవంత్ రెడ్డికి 6,03,748 ఓట్లు వచ్చాయి. 10,919 ఓట్ల తేడాతో బయటపడ్డారు. 2024 నాటికి ఆయన సీఎం. కాంగ్రెస్ అభ్యర్థి పట్నం సునీతా మహేందర్ రెడ్డికి వచ్చిన ఓట్లు 5,99,567. ఐదేళ్లలో కొత్త ఓటర్లు లక్షల్లో చేరారు. ఆరు గ్యారంటీలు వచ్చాయి, మహిళలకు ఉచిత బస్సు వచ్చింది, రాష్ట్రంలో ప్రభుత్వమే మారిపోయింది. అయినా కాంగ్రెస్ ఓటు ఉన్న చోటే ఉంది. నాలుగు వేలు తగ్గింది కూడా.

బీజేపీ వైపు చూడండి. 2019లో రాంచందర్ రావుకు 3,04,282. 2024లో ఈటల రాజేందర్‌కు 9,91,042. మూడింతలకు మించి పెరుగుదల. మెజారిటీ 3,91,475. పోలైన ఓట్లలో సగానికి పైగా ఆయనకే. విచిత్రం ఏంటంటే, ఐదున్నర నెలల ముందే ఈటల హుజూరాబాద్‌లోనూ, గజ్వేల్‌లోనూ ఓడిపోయారు. శామీర్‌పేటలో ఇల్లు ఉన్న నాయకుడు కాబట్టి ఇక్కడి జనానికి కొత్త ముఖం కాదు. అయితే ఇంటి అడ్రస్ తోనే నాలుగు లక్షల మెజారిటీ రాదు కదా.

నిజానికి విత్తనం ముందే పడింది. 2020 గ్రేటర్ ఎన్నికల్లో బీజేపీ 4 డివిజన్ల నుంచి 48కి ఎగబాకింది. 2023 అసెంబ్లీలో ఈ ఏడింటిలో కుత్బుల్లాపూర్, ఎల్బీ నగర్, కంటోన్మెంట్.. మూడు చోట్ల రెండో స్థానం బీజేపీదే. 'అసెంబ్లీకి కారు, ఢిల్లీకి కమలం' అని ఓటరు మనసులో గీత గీసుకున్నాడు. ఆ గీత కనిపించని పార్టీ నష్టపోయింది. కంటోన్మెంట్‌లో లాస్య నందిత మరణంతో వచ్చిన ఉప ఎన్నిక కూడా మే 13నే జరిగింది. అక్కడ 2023లో బీజేపీ తరఫున ఓడిన శ్రీగణేష్ ఈసారి కాంగ్రెస్ టికెట్‌పై 13,206 ఓట్లతో గెలిచారు. లోక్‌సభ సీటులో కాంగ్రెస్ దాదాపు నాలుగు లక్షల తేడాతో ఓడిన రోజునే, అందులోని ఒక అసెంబ్లీ సీటును అదే కాంగ్రెస్ గెలుచుకుంది.

మేడ్చల్‌లో ఏం జరిగింది?

మేడ్చల్ 2009లో కాంగ్రెస్, 2014లో టీఆర్ఎస్, 2018లో మళ్లీ టీఆర్ఎస్. మూడుసార్లూ ప్రభుత్వం ఎటుంటే అటే. 2023లో ఆ అలవాటు తప్పింది. మల్లారెడ్డి గెలిచారు, ప్రభుత్వం మాత్రం కాంగ్రెస్ చేతికి పోయింది. అయితే గెలుపు ఒకటే చూస్తే బోల్తా పడతాం. 2018లో మల్లారెడ్డి మెజారిటీ 87,990. 2023లో 33,419. ఆయన ఓట్లు 1,67,324 నుంచి 1,86,017కి పెరిగాయి. కాంగ్రెస్ ఓట్లు మాత్రం 79,334 నుంచి 1,52,598కి, అంటే దాదాపు రెట్టింపయ్యాయి. అంటే మేడ్చల్‌లోనూ కాంగ్రెస్ గాలి ఉంది, గెలిపించేంత లేదు అంతే.

ఎందుకు లేదు? మేడ్చల్ ఒక్కటే ఊరు కాదు. బోడుప్పల్, పీర్జాదిగూడ, నాగారం, దమ్మాయిగూడ వైపు వెళ్తే అన్నీ కాలనీలే. జిల్లాల నుంచి, ఆంధ్ర నుంచి వచ్చి ఇల్లు కట్టుకున్న ఉద్యోగులు, చిన్న వ్యాపారులు. జవహర్‌నగర్‌లో ఇళ్ల పట్టాల గొడవ, డంపింగ్ యార్డ్ కంపు. శామీర్‌పేట వైపు వస్తే నల్సార్ యూనివర్సిటీ, తుర్కపల్లిలో జీనోమ్ వ్యాలీ, ఔటర్ రింగ్ రోడ్డు, వాటి మధ్యలో ఇంకా పొలాలున్న ఊళ్లు. ఊళ్లో రైతును కదిలించే విషయం, కాలనీలో అపార్ట్‌మెంట్ ఓనర్‌ను కదిలించదు. జిల్లాల్లో బీఆర్ఎస్‌ను ముంచిన వడ్ల కొనుగోలు, ఉద్యోగ నోటిఫికేషన్ల కోపం ఇక్కడ అంత పదును చూపలేదు. ఎకరం కోట్లు పలికే చోట, 'భూముల రేటు పడిపోతుందేమో' అన్న భయమే పెద్దది. ఇది నా అంచనా. కానీ ఔటర్ చుట్టూ ఫలితాలు దీనికి దగ్గరగానే ఉన్నాయి.

మూడుచింతలపల్లిని మాత్రం విడిగా చెప్పుకోవాలి. కేసీఆర్ దత్తత తీసుకున్న ఊరు. ధరణి పోర్టల్‌ను 2020 అక్టోబర్ 29న ఆయన ప్రారంభించింది ఇక్కడే. పది నెలలు తిరక్కుండానే, 2021 ఆగస్టులో, పీసీసీ అధ్యక్షుడిగా రేవంత్ అదే ఊళ్లో రెండు రోజుల దీక్షకు కూర్చున్నారు. ధరణిని తీసేస్తామన్న హామీతోనే కాంగ్రెస్ ఎన్నికలకు వెళ్లింది. 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. రాష్ట్ర రాజకీయాన్ని మలుపు తిప్పిన ఒక పోర్టల్ పుట్టిల్లు మేడ్చల్ నియోజకవర్గమే అన్నది ఇప్పుడు చాలామందికి గుర్తులేదు.

ఇక తెలుగుదేశం ఓటు. ఒకప్పుడు మేడ్చల్ అంటే దేవేందర్ గౌడ్, మేడ్చల్ అంటే సైకిల్. 2014లో మల్లారెడ్డి ఎంపీ అయింది కూడా సైకిల్ గుర్తుపైనే. 2018లో ఆ పార్టీ కాంగ్రెస్‌తో కూటమి కట్టింది. 2023లో తెలంగాణలో పోటీయే చేయలేదు. 2024కి ఎన్డీయేలో చేరింది. ఈ పార్టీని నమ్ముకున్న కాలనీ ఓటరు మూడు ఎన్నికల్లో మూడు దారులు చూశాడు. ఈటల మెజారిటీలో ఈ ఓటు వాటా లేదనుకోవడం కష్టం.

ఇప్పుడు సర్పంచే లేడు

ఈలోగా పాలన పటమే మారిపోయింది. అలియాబాద్, మూడుచింతలపల్లి లాంటివి మున్సిపాలిటీలు అయ్యాయి. 2025 డిసెంబర్‌లో పంచాయతీ ఎన్నికలు 31 జిల్లాల్లోనే జరిగాయి. హైదరాబాద్‌తో పాటు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాను వదిలేశారు. కారణం సింపుల్: జిల్లాలో పంచాయతీలు మిగల్లేదు. అదే నెలలో తుంకుంట, మేడ్చల్, బోడుప్పల్, జవహర్‌నగర్ లాంటివి గ్రేటర్‌లో కలిసిపోయాయి. నిన్నటిదాకా బోరు పాడైతే సర్పంచ్ ఇంటి తలుపు కొట్టిన మనిషి, ఇవాళ ఏ ఆఫీసుకు వెళ్లాలో అడిగి తెలుసుకోవాలి. ఈ చిరాకు ఏ పార్టీ మీద పడుతుందో వచ్చే ఎన్నికల్లో తేలుతుంది. విలీనం చేసింది కాంగ్రెస్ ప్రభుత్వం కాబట్టి జవాబు చెప్పుకోవాల్సింది ముందు వాళ్లే.

ఇంకో అన్యాయం గురించి ఇక్కడ పెద్దగా ఎవరూ మాట్లాడరు. 2023లో మేడ్చల్ నియోజకవర్గంలో ఓటర్లు ఆరు లక్షలు దాటారు. అదే భద్రాచలంలో లక్షన్నర కూడా లేరు. ఇద్దరికీ ఒక్కో ఎమ్మెల్యేనే! లెక్కేస్తే మేడ్చల్‌లో నాలుగు ఓట్లు, భద్రాచలంలో ఒక ఓటుతో సమానం. విభజన చట్టంలోని సెక్షన్ 26 ప్రకారం తెలంగాణ అసెంబ్లీ సీట్లు 119 నుంచి 153కి పెరగాలి. 2027 మార్చి 1 తేదీతో జనగణన నోటిఫై అయింది. ఆ లెక్కలతో సీట్లు మళ్లీ గీస్తే శామీర్‌పేట వైపు ఊళ్లు ఒక నియోజకవర్గం, బోడుప్పల్ వైపు కాలనీలు ఇంకో నియోజకవర్గం అయ్యే అవకాశం ఉంది. అన్ని పార్టీల లీడర్లూ ఇప్పటి నుంచే ఆ గీత ఎక్కడ పడుతుందా అని చూస్తున్నారు.