రాజయోగి బాప్తిస్మం

క్రైస్తవ సంఘాల ఆవిర్భావానికి ప్రలోభం, క్షామం అనే రెండు హేతువులు చెప్పి విచారణ ముగించడం అనేకులకు పరిపాటి. ఒంగోలు వృత్తాంతం ఆ సమాధానానికి లొంగదు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1867 జనవరి 1న అక్కడ స్థాపించిన సంఘంలో సభ్యులు ఎనమండుగురే. మహాక్షామం సంభవించింది దాదాపు పదేళ్ల తరువాత. ఒకేనాడు 2,222 మంది బాప్తిస్మం పొందింది 1878 జూలైలో.

పరిసర గ్రామాలలో ఆ సంఘానికి తొలి మార్గమేర్పరచినవాడు మాదిగ కులస్థుడైన యెర్రగుంట్ల పేరయ్య. ఆయన జిజ్ఞాస లేనివాడు కాడు. క్రైస్తవానికి పూర్వమే గురూపదేశం పొంది రాజయోగం అభ్యసించిన సాధకుడు. ధ్యానం ఆయనకు మిషనరీ నేర్పిన విద్య కాదు.

అద్వైతికి అసౌకర్యం కలిగించవలసిన అంశం ఇదే. సర్వభూతాలలో ఏకాత్మను ప్రతిపాదించే సంప్రదాయంలో ఆ సాధకునికి యోగోపదేశం లభించింది, దేవాలయ ప్రవేశం లభించలేదు. మనీషాపంచకం పారాయణ చేసేవారికి ఈ వైరుధ్యం అపరిచితం కాకూడదు. అభేదం పరమార్థంలోనిదని, వ్యవహారంలో భేదం అనివార్యమని ప్రత్యుత్తరమివ్వడం సులభమే. అయితే పేరయ్యకు దాహం వేసింది, ఊరి బావి నిషిద్ధమైంది ఆ వ్యవహారంలోనే.