జ్వరం మాత్రలకూ ఓ లెక్కుంది!

అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి కంటే ముందు అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఉండేది. ఆ రోజుల్లో, అంటే 1888, 1889 సంవత్సరాల్లో, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో హైదరాబాద్‌లో రెండు క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. ఖర్చు భరించింది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్. మత్తు ఇచ్చేటప్పుడు నాడి కంటే శ్వాసను కనిపెట్టుకుని ఉండటమే ముఖ్యమని కమిషన్లు తేల్చాయి. కానీ క్లోరోఫాం గుండెనూ దెబ్బతీస్తుందని 1911లో రుజువైంది.

అంతకంటే మోసకారి మరొకటుంది. బల్ల మీద నుంచి క్షేమంగా లేచిన కొందరు రెండు మూడు రోజులకు కామెర్లతో చనిపోయేవారు. కాలేయం క్లోరోఫాంను విడగొట్టేటప్పుడు ఫాస్‌జీన్ పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలిన విషవాయువు అదే!

క్లోరోఫాం కాలం పోయింది. అలాంటి స్వభావమే ఉన్న పారాసెటమాల్ మాత్రం మన ఇంటి మందుల డబ్బాలో ఉంది. మోతాదులో వాడితే మంచి మందే. దానిలో కొద్ది భాగాన్ని కాలేయం ఎన్ఏపీక్యూఐ అనే విషంగా మారుస్తుంది. గ్లూటాథయోన్ దాన్ని అప్పటికప్పుడే విరిచేస్తుంది. మోతాదు మించినా, మద్యం అలవాటున్నా, రోజుల తరబడి తిండి సరిగా లేకపోయినా ఆ నిల్వ చాలదు. అప్పుడు విషం కాలేయ కణాలను చంపుతుంది.

ఆరోగ్యవంతులైన పెద్దలకు 24 గంటల్లో 4 గ్రాములే గరిష్ఠ పరిమితి. 650 మిల్లీగ్రాముల మాత్రలు ఆరు వేసుకుంటేనే 3.9 గ్రాములు! పైగా జలుబు మాత్రల్లో, ఒళ్లునొప్పుల మాత్రల్లో చాలావాటిలో ఇదే మందు ఉంటుంది. పేర్లు వేరు కాబట్టి మందులూ వేరనుకుంటాం. అక్కడే లెక్క తప్పుతుంది. పిల్లలకైతే బరువును బట్టి డాక్టర్ చెప్పిన మోతాదే ఇవ్వాలి.

మోతాదు మించిందని తెలిస్తే, ఒంట్లో బాగానే ఉందని ఆగకండి. మొదటి రోజు వాంతులు తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. విరుగుడు మందు ఎసిటైల్‌సిస్టీన్ ఎనిమిది గంటల్లోపు అందితే బాగా పనిచేస్తుంది.

పాతబస్తీలో మందుల చీటీ లేకుండానే ఈ మాత్రలు దొరుకుతాయి. అందుకే ప్రతి అట్టమీదా ‘ఇందులో పారాసెటమాల్ ఉంది’ అని తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో ముద్రించాలి. అంతవరకూ దుకాణంలో ఒక్క మాట అడగండి: ‘ఇందులో పారాసెటమాల్ ఉందా? ఎంత?’