మూత తెరవవద్దనే వారికి

"తెలుగు చెప్పుకునే మీకు ఇంజన్లతో పనేమిటి?" అని మొన్న ఒక ఇంజనీరు మిత్రుడు నన్ను ఎకసెక్కెం చేశాడు. పందేలకూ వేగానికీ ప్రత్యేకంగా తయారై, ఫ్యాక్టరీనుంచి పెట్టెలో దిగే శక్తిమంతమైన ఇంజన్ల ప్రస్తావన అది. బిగించేముందు వాటిని పరీక్షించాలని నేనన్నాను. కంప్యూటరు నడిపే యంత్రాలు కోసిన లోహాన్ని అనుమానించడం అజ్ఞానమనీ, మెకానిక్కు చేయి పెడితే చెడుతుందే గాని బాగుపడదనీ ఆయన తీర్పు. ఇది ఆయనొక్కడి తీర్పే అయితే నేను కలం పట్టేవాణ్ణి కాదు. యంత్రాన్ని చూడగానే చేతులు జోడించే అలవాటు మన అభ్యుదయ కవిత్వంలోనూ తక్కువేమీ లేదు. గుడిలో దేవుణ్ణి నిలదీసినవాళ్ళం ఫ్యాక్టరీ గేటు దగ్గర చెప్పులు విడుస్తున్నాం.

నాకు పనేమిటో చెబుతాను. తాళపత్ర గ్రంథాన్ని పరిష్కరించేవాడు, లేఖకుడు ఎంతటివాడైనా సరే, ప్రతి అక్షరాన్నీ అనుమానిస్తాడు. అచ్చు పుస్తకంలో తప్పు దొర్లితే వెయ్యి ప్రతుల్లోనూ అదే తప్పు. యంత్రం సంగతీ అంతే. అది తప్పు చెయ్యకపోవడమేమిటి? ఒకసారి చేసిన తప్పును అలుపులేకుండా చేస్తూ పోతుంది.

క్రాంక్ షాఫ్టుకూ బేరింగుకూ నడుమ ఉండవలసిన సందు, రెండంగుళాల షాఫ్టుకైతే, సుమారు 0.05 మిల్లీమీటరు. మనిషి వెంట్రుక మందానికి కాస్త అటూ ఇటూ. ఆ సందులో నూనె పొర నిలిచినంతకాలం లోహం లోహాన్ని తాకదు. షాఫ్టులో నూనె దారులు తొలిచినప్పుడు రాలిన రజను లోపల మిగిలిపోయిందా, నూనె ఆగుతుంది, బేరింగు అరుగుతుంది, కనెక్టింగ్ రాడ్డు టకటకమంటుంది, ఒక్కొక్కప్పుడు ఇంజను దిమ్మే పగులుతుంది. దీన్ని కనిపెట్టే ఉపాయాలు బ్రహ్మవిద్య కాదు. సన్నని ప్లాస్టిక్ పోగును షాఫ్టుమీద వేసి, బేరింగు మూత బిగించి, విప్పి, పోగు ఎంత వెడల్పున నలిగిందో చూస్తే సందు తెలిసిపోతుంది. స్పార్కు ప్లగ్గు రంధ్రంలోంచి చిన్న కెమెరా దించి సిలిండరు గోడ చూడవచ్చు. కాసేపు నడిపాక ఆయిల్ ఫిల్టరు కోసి చూడవచ్చు. మా ఊరి షెడ్డులో ఒక ముసలి మేస్త్రీ ఆ ఫిల్టరు కాగితపు మడతలు ఒక్కొక్కటే విప్పి ఎండకు పట్టి, మెరిసే నలుసుల కోసం వెతుకుతుంటే చూశాను. ప్రతిపదార్థం చెప్పే మా గురువుగారిలో తప్ప అంత శ్రద్ధ నేనెక్కడా ఎరగను.

ఇదంతా చాదస్తమేనా? 2015లో హ్యుందాయ్ కంపెనీ అమెరికాలో సుమారు 4,70,000 సొనాటా కార్లను వెనక్కు పిలిచింది. అలబామా ఫ్యాక్టరీలో తయారైన ఇంజన్ల క్రాంక్ షాఫ్టుల్లో లోహపు రజను మిగిలిపోవడం అందుకు కారణం. 2017లో మరిన్ని కార్లూ, సోదర కంపెనీ కియా కార్లూ ఆ జాబితాలో చేరాయి. (2019నుంచి పెనుకొండ దగ్గర కార్లు తయారుచేస్తున్న కియా ఇదే. ఆ లోపానికీ పెనుకొండకూ సంబంధం లేదు.)

"అది పనివాళ్ళ నిర్లక్ష్యం" అంటాడు మిత్రుడు. కాదు. రజను తొలగించే పద్ధతిలోనే లోపముందని కంపెనీయే ఒప్పుకుంది. ఆ పద్ధతి నిర్ణయించింది చీపురు పట్టినవాడు కాడు గదా! లోపాన్ని చూచినవాడికేం జరిగిందో కూడా వినండి. హ్యుందాయ్ నాణ్యతా విభాగంలో పనిచేసిన కిమ్ గ్వాంగ్ హో అనే ఇంజనీరు 2016లో అమెరికా రహదారి భద్రతాసంస్థకు సమాచారం ఇచ్చాడు. అదే సంవత్సరం ఉద్యోగం ఊడింది. కంపెనీ రహస్యాలు బయటపెట్టాడన్నారు. 2020లో ఆ రెండు కంపెనీలూ మొత్తం 21 కోట్ల డాలర్ల జరిమానా ఒప్పందాలకు తలవంచాయి. 2021లో కిమ్‌కు 2 కోట్ల 40 లక్షల డాలర్లకు పైగా పారితోషికం దక్కింది. పరీక్షించవద్దనే మాట ఎవరి నోట పుడుతుందో, ఎవరికి లాభమో ఇందులో కనబడడం లేదా?

పాఠం నేర్చారనుకోకండి. 2025 ఏప్రిల్లో జనరల్ మోటార్స్ 420 అశ్వశక్తిగల 6.2 లీటర్ల ఇంజన్లున్న బండ్లను అమెరికాలో సుమారు 6 లక్షల వరకు వెనక్కు పిలిచింది. క్రాంక్ షాఫ్టుల కొలతలు తప్పడం, నూనె దారుల్లో మడ్డి ఉండడం అప్పుడు బయటపడిన లోపాలు. పరీక్షలో నెగ్గని ఇంజన్లను బాగుచెయ్యడమో మార్చడమో చేస్తామన్నారు. నెగ్గినవాటికి ఏమిచ్చారు? ఇదివరకటికంటె చిక్కని నూనె, కొత్త ఫిల్టరు, నూనె పోసే చోటుకు కొత్త మూత!

నా కోరిక పెద్దది కాదు. పెట్టెలో ఇంజనుతోబాటు దాని బేరింగు సందుల కొలతలు, కొలిచినవాడి సంతకంతో, కొనేవాడికి ఇవ్వాలి. కొలత తప్పిందన్నవాడి ఉద్యోగం ఊడకూడదు. సీలు పగలగొడితే హామీ చెల్లదేమోనని మిత్రుడు ఇప్పటికీ భయపడుతూనే ఉన్నాడు. ఆ హామీ పత్రం తెమ్మన్నాను, ఇద్దరం కూర్చుని చదువుదామని.