మాటల ముచ్చట: అక్షరాలు ఒకటే, పుట్టిళ్లు వేరు

ఈ మారు బి, ఏ, ఎన్, డి అనే నాలుగు అక్షరాలు వరుసగా వచ్చే ఆంగ్ల పదాలను కొన్నింటిని పరిశీలిద్దాము. వీటిలో పలు పదాలు నేడు వాడుకలో అరుదు. అక్షరక్రమం ఒకటైనంత మాత్రాన వంశం ఒకటి కాదని ఇవి చక్కగా తెలుపుతాయి.

బ్యాండాగ్: పగలు కట్టివేసి రాత్రివేళ కాపలాకు విడిచే భీకరమైన కుక్క. ఇందులో బ్యాండ్ అనగా కట్టు.

బ్యాండ్‌బాక్స్: 17వ శతాబ్దంలో ఆంగ్లేయులు తమ మెడపట్టీలు నలగకుండా దాచుకొన్న పలుచని అట్టపెట్టె. తరువాత అందులో టోపీలు చేరినవి.

బ్యాండొలీన్: 19వ శతాబ్దంలో కురులు చెదరకుండా రాసుకొన్న జిగురు.

కాంట్రబ్యాండ్: దొంగసరుకు. ఇటాలియన్ భాషలో 'బాండో' అనగా చాటింపు. దానికి విరుద్ధంగా తెచ్చినది.

హజ్బెండ్: మన నాలుగక్షరాలు ఇందులోనూ ఉన్నవి. అయితే బంధించేవాడని అర్థం కాదు. ప్రాచీన నార్స్ భాషలో 'హూస్' అనగా ఇల్లు, 'బోండి' అనగా నివసించేవాడు. మన 'గృహస్థు'కు సరితూగే మాట.

బ్యాండనా: రంగురంగుల చేతిరుమాలు. గుడ్డను ముడులు వేసి రంగులో ముంచే పద్ధతికి హిందీలో గల 'బాంధ్‌నూ' అనే పేరు దీనికి మూలం.

ఇక మన ఇంటి మాటలు రెండు. బ్యాండికూట్ మరేదో కాదు, మన పందికొక్కే. తెలుగు 'ప' ఆంగ్లేయుల నోట 'బ' అయినది. ఆ పేరునే తరువాత ఆస్ట్రేలియాలోని ఒక సంచిజీవికి కూడా తగిలించారు. రెంటికీ చుట్టరికం లేదు. బ్యాండీ అనగా ఎద్దుబండి. హెన్రీ యూల్, బర్నెల్ పండితులు 1886లో వెలువరించిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువులో దీనికి తెలుగు 'బండి', తమిళ 'వండి' మూలాలుగా చూపారు. దొడ్డికాళ్లను తెలిపే 'బ్యాండీ' వేరే మాట.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి బిలాస్‌పూర్ రైల్వే బస్తీలలో తెలుగు కుటుంబాలు స్థిరపడుతూ వచ్చినవి. నేడు ఆ ఇండ్లలో పలువురు పిల్లలకు ఎలుక 'చూహా', ఎద్దుబండి 'బైల్‌గాడీ'. చుట్టూ వినిపించే భాష అది, నేర్చుకొనుట మంచిదే. కానీ ఆంగ్ల నిఘంటువు పదిలపరచిన మాటను మన పిల్లలు అందులో వెదకి తెలుసుకొనవలసి వస్తే అది మనకు లోటు. పలికేవారు లేని మాటకు నిఘంటువు అర్థం చెప్పగలదే గాని ప్రాణం పోయలేదు.

కనుక పాఠకులకు ఒక మనవి. మీ ఇంటి పెద్దలు వాడే, పిల్లలకు తెలియని తెలుగు మాటలు అయిదింటిని అర్థంతోసహా మాకు వ్రాసి పంపండి. వచ్చే సంచికలో వాటినే ముచ్చటిద్దాము.